వృద్ధి రేటు సరే, చేతిలో డాలర్లున్నాయా?

ప్రశ్న: ఒక వర్ధమాన దేశం ఏటా ఐదారు శాతం వృద్ధి సాధిస్తోందని చదువుతాం. కొన్నాళ్లకే అదే దేశం అప్పు కట్టలేక చేతులెత్తేసిందని వింటాం. రెండూ ఎలా నిజమవుతాయి?

జవాబు: జీడీపీని లెక్కగట్టేది సొంత కరెన్సీలో, విదేశీ అప్పు తీర్చాల్సింది ఎక్కువగా డాలర్లలో. దేశంలో ఇళ్లు లేచినా, రోడ్లు పడినా వృద్ధి రేటు పెరుగుతుంది. వాటితో నేరుగా డాలర్లు రావు సరికదా, డీజిలుకీ యంత్రాలకీ ఉన్నవి ఖర్చవుతాయి. డాలర్లు వచ్చే దారులు ఐదే: ఎగుమతులు, పర్యాటకం, విదేశాల్లో పనిచేసేవాళ్లు పంపే డబ్బు, పెట్టుబడులు, కొత్త అప్పులు. మొదటి నాలుగూ చాలక ఐదోదాని మీద రోజులు నెడుతున్న దేశం వృద్ధి రేటు ఎంత చెప్పుకున్నా నేను పట్టించుకోను.

ఇంకోటి. దేశం మొత్తం అప్పు దగ్గర కాదు, ఒక వాయిదా దగ్గర దొరికిపోతుంది. 2022 ఏప్రిల్‌లోనే చెల్లింపులు ఆపేస్తున్నట్టు ప్రకటించిన శ్రీలంకకు మే నెలలో ఎగవేత ముద్ర పడింది 7.8 కోట్ల డాలర్ల వడ్డీ దగ్గర!

ప్రశ్న: మూడు నెలల దిగుమతులకు సరిపడా విదేశీ మారక నిల్వలుంటే భయం లేదంటారు. నమ్మొచ్చా?

జవాబు: ఆ కొలత తొలి వడపోతకు పనికొస్తుంది, అంతే. శ్రీలంక లెక్కే వేసి చూడండి. 2021 చివర ప్రకటించిన నిల్వలు సుమారు 310 కోట్ల డాలర్లు. ఆ ఏడాది సరుకుల దిగుమతులు 2,060 కోట్లు, అంటే నెలకు 170 కోట్ల పైచిలుకు. నిల్వలు రెండు నెలలకు కూడా చాలవు. అందులోనూ 150 కోట్లు చైనా కేంద్ర బ్యాంకుతో కుదిరిన కరెన్సీ మార్పిడి (తమ కరెన్సీ ఇచ్చి వాళ్లది కొన్నాళ్లకు తీసుకోవడం) సొమ్ము. మూడు నెలల దిగుమతులకు సరిపడా నిల్వలుంటేనే దాన్ని ముట్టుకోవాలని షరతు! అవసరం లేనప్పుడు మాత్రమే అక్కరకొచ్చే డబ్బన్నమాట. అది తీసేస్తే మిగిలింది 160 కోట్లు, నెల రోజుల దిగుమతులకు కూడా రాదు. పోనీ అక్కడితో ఆగారా? 2022 జనవరిలో గడువు తీరిన 50 కోట్ల డాలర్ల బాండును (అప్పు పత్రాన్ని) అణా పైసలతో చెల్లించారు. ఆ నెల పరువు నిలిచింది గానీ, ఇంధనానికీ మందులకీ కావాల్సిన డాలర్లు అందులో పోయాయి. అప్పు వాయిదాల పునర్వ్యవస్థీకరణకు, అంటే గడువులూ షరతులూ మార్చుకోవడానికి, అప్పిచ్చినవాళ్లతో ఏడాది ముందే కూర్చోవాల్సింది.

మూడు నెలల కొలతకన్నా గట్టిది మరొకటుంది. రాబోయే పన్నెండు నెలల్లో తీర్చాల్సిన విదేశీ అప్పు ఎంతో చూసి, నిజంగా వాడుకోగల నిల్వలను దాంతో భాగించండి. ఫలితం 1 కన్నా తగ్గిందంటే, కొత్త అప్పు పుట్టకపోతే ఏడాది గడవదని అర్థం.

ప్రశ్న: కేంద్ర బ్యాంకు కరెన్సీ విలువ పడిపోకుండా గట్టిగా పట్టుకుంటే దిగుమతులు చవగ్గా ఉంటాయి కదా. తప్పేముంది?

జవాబు: పట్టుకోవడానికి డాలర్లు అమ్మాలి, అవి అయిపోతాయి. డాలరును శ్రీలంక 200 రూపాయల దగ్గర బిగించి ఉంచితే బయట ఎక్కువ పలికింది. విదేశాల్లో ఉన్నవాళ్లు బ్యాంకులు మానేసి హవాలా దారి పట్టారు. బ్యాంకుల ద్వారా 2020లో 710 కోట్ల డాలర్లు వస్తే 2021లో సుమారు 550 కోట్లే వచ్చాయి. 2022 మార్చిలో పట్టు వదిలారు. రెండు నెలల్లో డాలరు 360 రూపాయల దాకా ఎగబాకింది. మెల్లగా దిగనిస్తే సర్దుకునేది ఒక్కసారిగా కూలింది. సెప్టెంబరుకల్లా కొలంబోలో ద్రవ్యోల్బణం 70 శాతం దగ్గరికి చేరింది.

ప్రశ్న: అప్పు జీడీపీలో ఎంత శాతం దాటితే ప్రమాదం?

జవాబు: అలాంటి గీత లేదు. జపాన్ అప్పు 200 శాతం దాటినా ఎగవేత మాట లేదు, ఎందుకంటే అది సొంత యెన్‌లలో, ఎక్కువగా సొంత జనం దగ్గర తెచ్చింది. వర్ధమాన దేశానికి చూడాల్సింది ప్రభుత్వ ఆదాయంలో వడ్డీకే పోయేది ఎంత అని. 2019 డిసెంబరులో శ్రీలంక వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి కోసింది, వెంటనే కొవిడ్ వచ్చిపడింది. 2020లో ఆదాయంలో 70 శాతానికి పైగా వడ్డీలకే పోయింది. జీతాలూ పెన్షన్లూ మళ్లీ అప్పు చేసే ఇవ్వాలి.

ప్రశ్న: మాలాంటివాళ్లు ఈ అంకెలు ఎక్కడ చూడాలి?

జవాబు: ముందుగా ఆ దేశ కేంద్ర బ్యాంకు నెలనెలా ఇచ్చే నిల్వల పట్టిక. చాలామంది మొదటి భాగంలోని మొత్తం చూసి మూసేస్తారు. అసలు సంగతి రెండో భాగంలో ఉంటుంది: నెలలోపు, మూడు నెలల్లోపు, ఏడాదిలోపు బయటికి పోక తప్పని డాలర్లు. 1997లో థాయిలాండ్ ప్రకటించిన నిల్వలు 3,000 కోట్ల డాలర్ల పైనే. తర్వాత డాలర్లు ఇస్తామని ముందే రాసుకున్న ఒప్పందాల కింద ఇవ్వాల్సినవి 2,300 కోట్లకు పైగా ఉన్నాయని లోకానికి ఆలస్యంగా తెలిసింది. ఇలాంటివి దాగకూడదనే ఆ సంక్షోభం తర్వాత పట్టికలో రెండో భాగం పెట్టించారు.

తర్వాత ప్రపంచ బ్యాంకు ఏటా వెలువరించే విదేశీ అప్పుల గణాంకాలు. ఏ ఏడాది ఎంత కట్టాలో అందులో దొరుకుతుంది. దాని పక్కనే అమెరికా వడ్డీ రేటు పెట్టుకోండి. 2022 మార్చి దాకా దాదాపు సున్నా ఉన్నది 2023 జులైకి 5.25–5.50 శాతానికి చేరింది. చవక రోజుల్లో తెచ్చిన బాండుకు ఆ తర్వాత గడువు తీరితే, దాన్ని తీర్చడానికి తెచ్చే కొత్త అప్పు ఎంత వడ్డీకి పుడుతుందో, అసలు పుడుతుందో లేదో చూడాలి. ఘనా 2022 డిసెంబరులో చాలావరకు విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేసింది. అంతకు ముందే బాండ్ల మార్కెట్ దానికి తలుపు మూసేసింది.