బండి కిందికి దూరి చూశాకే బేరం

ప్రశ్న: మాకు చింతపల్లి పైన చిన్న కాఫీ తోట ఉంది. వానాకాలంలో చివరి మట్టిదారి మామూలు కారుతో ఎక్కడం కుదరడం లేదు. సెలవు రోజుల్లో మిత్రులతో కొండదారుల్లో తిరగాలన్న సరదా కూడా ఉంది. నాలుగు లక్షల లోపు పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండి తీసుకోవాలనుకుంటున్నాను. మారుతి జిప్సీ మేలా, పాత మహీంద్రా థార్ మేలా? ఢిల్లీ జిప్సీ ఒకటి చౌకగా ఇస్తామంటున్నారు, కొనవచ్చా?
ఒక పాఠకుడు, నర్సీపట్నం

జవాబు: మీ దారికీ, మీ డబ్బుకీ జిప్సీయే తగినదని నా అభిప్రాయం. 2010లో వచ్చిన పాత థార్ సీఆర్‌డీఈ రకంలో 2.5 లీటర్ల డీజిల్ ఇంజిను, 105 హార్స్‌పవర్ ఉండడం వల్ల ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడుకు కొరత ఉండదు. కానీ ఆ బండి బరువు 1,700 కిలోలు దాటుతుంది. జిప్సీ బరువు టన్నుకు కాస్త తక్కువే. బురదలో ఇంజిను బలం కంటే బండి తేలికగా ఉండడమే ఎక్కువ అక్కరకొస్తుంది, దిగబడినా నలుగురు కలిసి తోస్తే చాలాసార్లు బయటపడుతుంది. అదీగాక మీరు చెప్పిన సొమ్ముకు దొరికే థార్ బాగా నలిగినదో, ఫ్లోరూ తలుపుల కింది అంచులూ తుప్పు తిన్నదో అయి ఉండే అవకాశమే ఎక్కువ. అయితే జిప్సీలో సుఖం ఆశించవద్దు. ముందూ వెనకా కమాన్ కట్టలే కాబట్టి ప్రతి గతుకూ నడుముకు తెలుస్తుంది, పెట్రోలూ బాగానే తాగుతుంది. 1.3 లీటర్ల ఇంజినుతో 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌లోనూ 2000 తరువాతి ఎంపీఎఫ్‌ఐ బండినే, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మేదాన్నే వెతకండి. కార్బురేటర్ బండి మీ లంబసింగి చలికి పొద్దున్నే స్టార్ట్ కావడానికి సతాయిస్తుంది.

రంగు, సీట్లు, స్టీరియో చూసి ధర ఒప్పుకోవద్దు. గోనెపట్టా పరుచుకుని టార్చిలైటుతో బండి కిందికి దూరండి. చాసిస్‌లో, అంటే బండి అడుగు చట్రంలో, కమాన్ కట్టలు తగిలించే చోట్లనూ, వెనక భాగాన్నీ స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూస్తే, గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. కొత్తగా దట్టమైన నల్లరంగు పూసి ఉంటే ఇంకా అనుమానించాలి, ఎందుకంటే వెల్డింగ్ అతుకులను దాచడానికి అంతకంటే సులువైన దారి లేదు. ముందు చక్రాల లోపలివైపు గుండ్రని పిడికిలి లాంటి భాగం చుట్టూ గ్రీజు, ఆయిలు కలిసి కారుతుంటే సీళ్లు పోయినట్టు. ముందు చక్రాన్ని జాకీతో లేపి పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు ఆట కనిపిస్తే కింగ్‌పిన్ (స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే కీలు) బేరింగులు గానీ, చక్రం బేరింగులు గానీ అరిగి ఉంటాయి. గుంటలో పడ్డాక స్టీరింగు చేతుల్లో నిలవకుండా గడగడ వణికే జబ్బు చాలాసార్లు అక్కడినుంచే వస్తుంది. డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య గేర్లుండే గుండ్రని పెట్టె) నుంచి చెంచాడు ఆయిలు తీయించండి. అది పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరాయని అర్థం.

ఫోర్‌వీల్ పనిచేస్తోందో లేదో అమ్మేవారి మాట మీద నమ్మకూడదు. వదులు కంకర ఉన్న చోటికి తీసుకెళ్లి, ఫోర్‌వీల్ తక్కువ వేగపు గేరు (4L) వేసి, హ్యాండ్‌బ్రేకు కొంచెం బిగించి, మొదటి గేరులో కదిలించి, పక్కన నిలబడ్డ మనిషిని ముందు చక్రాలు కంకర విసురుతున్నాయో లేదో చూడమనండి. కొన్ని జిప్సీల్లో ముందు హబ్బులు (చక్రాన్ని ఇరుసుతో కలిపే, విడదీసే భాగాలు) గాలి గొట్టాల సాయంతో పనిచేస్తాయి. ఆ గొట్టాలు చిల్లిపడితే లీవరు మారినా చక్రానికి బలం అందదు. వాటి బదులు చేత్తో తిప్పే హబ్బులు వేయించుకోవడం మంచి ఖర్చే.

ఇక ఢిల్లీ బండి సంగతి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లకూ, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లకూ పెట్టిన ఆంక్షల వల్లే అవి ఇతర రాష్ట్రాలకు చౌకగా వస్తున్నాయి. అక్కడి రవాణా శాఖ ఇచ్చే ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం), అంటే ఫారం 28, చేతికి రాకుండా పూర్తి సొమ్ము ఇవ్వకండి. ఇక్కడ తిరిగి రిజిస్ట్రేషన్ చేయించడానికి పట్టే జీవిత పన్నును కూడా బేరంలో కలుపుకోండి, లేకపోతే చౌక అన్నది మాటవరసకే మిగులుతుంది. చాసిస్ మీద కొట్టిన నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. డీజిల్ ఇంజిను ఎక్కించి, ఆర్‌సీలో పెట్రోలు అనే ఉన్న జిప్సీలు కూడా తిరుగుతుంటాయి, అటువంటిది ఎంత బాగున్నా వద్దు. పదిహేనేళ్లు నిండిన సొంత బండికి ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కాబట్టి ఆ గడువు ఎప్పటివరకుందో కూడా చూడండి.

ప్రశ్న: జిప్సీ కొన్నాను. చేతిలో కొద్ది సొమ్మే మిగిలింది. ఎత్తు పెంచే కిట్, పెద్ద టైర్లు, ముందు ఇనుప గార్డు, వించ్ (దిగబడ్డ బండిని తాడుతో లాగే మోటారు), వీటిలో ముందు ఏది వేయించాలి?
ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మొదట టైర్లు. 205/70 ఆర్15 స్థానంలో 215/75 ఆర్15 వేస్తే చక్రం వ్యాసం దాదాపు 35 మిల్లీమీటర్లు పెరిగి, ఇరుసు కింద ఎత్తు సుమారు 18 మిల్లీమీటర్లు కలిసివస్తుంది. స్పీడోమీటరు మాత్రం అసలు వేగం కంటే ఐదు శాతం తక్కువ చూపుతుంది. అంతకంటే పెద్ద టైర్ల జోలికి పోవద్దు. మీ ప్రాంతపు నల్లరేగడి వానకు తడిస్తే ఏ టైరు గాడులనైనా నింపేసి నున్నగా చేస్తుంది కాబట్టి, గాడులు ఎడంగా, లోతుగా ఉన్నవే తీసుకోండి. ఆ తరువాత గాలి కొలిచే గేజీ, బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసరు కొనండి. బురదలో, రాళ్లలో గాలిని 18 పీఎస్ఐకి, ఇసుకలో 15కి దించితే అదే బండి వేరే బండిలా నడుస్తుంది. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవడం మరవకూడదు.

ఎత్తు కిట్ కంటే ముందుగా, కమాన్ కట్టల రబ్బరు బుష్‌లు మార్పించండి, కుంగిన కట్టలు బాగుచేయించండి. పోయిన ఎత్తు చాలావరకు వాటితోనే తిరిగి వస్తుంది. రెండంగుళాలు లేపితే ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇరుసుకు బలం చేరవేసే కడ్డీ) క్రాసుల మీద కోణం పెరుగుతుంది, బ్రేకు గొట్టాలు బిగుసుకుంటాయి, స్టీరింగు నిలకడ తగ్గుతుంది. ముందు ఇనుప గార్డులను 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ చట్టవిరుద్ధమని ప్రకటించింది. వించ్ ఇప్పుడు అక్కరలేదు, దాని బదులు చాసిస్‌కు గట్టిగా బిగించిన కొక్కేలు ముందొకటి, వెనకొకటి, లాగడానికి మంచి పట్టీ, 4.75 టన్నుల గుర్తు వేసిన షాకిళ్లు (పట్టీని కొక్కేనికి తగిలించే ఇనుప కడియాలు) రెండు ఉంటే చాలు. మన ఊళ్లలో ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగడం అలవాటే గానీ, తెగిన గొలుసు తూటాలా వస్తుంది. దేనితో లాగినా దాని నడుమ తడిపిన గోనెసంచి వేసి, చూసేవాళ్లను దూరంగా నిలబెట్టండి.

వాగులు దాటే ఉద్దేశం ఉంటే డిఫరెన్షియల్ బ్రీదరుకు (లోపలికీ బయటికీ గాలి ఆడే రంధ్రానికి) పైప్ తగిలించి బానెట్ కింద ఎత్తులో కట్టించండి. వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లని నీటిలో మునిగినప్పుడు లోపలి గాలి కుంచించుకుంటుంది, బ్రీదరు మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీటిని పీల్చుకుంటుంది. పని వందల రూపాయల్లోనే అయిపోతుంది.

ప్రశ్న: జిప్సీని ఫోర్‌వీల్‌లో తారు రోడ్డు మీద మలుపు తిప్పితే పట్టేసినట్టు అవుతోంది. లోపమా?
ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు: లోపం కాదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ జిప్సీ మధ్యలో లేదు. మట్టి మీద టైర్లు జారి సర్దుకుంటాయి, పొడి తారు మీద జారవు కాబట్టి ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. తారు రోడ్డు మీద టూవీల్‌లోనే నడపండి. ఫోర్‌వీల్ లీవరు ఇప్పటికే ఇరుక్కుని రాకపోతే బలవంతంగా లాగకుండా, తిన్నగా కొద్ది దూరం రివర్సులో నడిపి చూడండి, వదులవుతుంది.