అర్ధరాత్రి, నిశీథం ఒకటేనా?

ప్రశ్న: శివరాత్రి పూజా సమయాలలో ‘నిశీథ కాలం’ అని రాస్తారు. కవితలలో మాత్రం ‘నిశీధి’ అంటే చీకటి అన్నట్టు కనిపిస్తుంది. ఈ మాటకు అసలు అర్థమేమిటి? అర్ధరాత్రి, అపరాత్రి దీనికి పర్యాయపదాలేనా?

జవాబు: ‘అర్ధరాత్ర నిశీథౌ ద్వౌ’ అని అమరకోశం ఈ రెండింటినీ ఒకే అర్థంలో చెప్పింది. పడుకోవడమనే అర్థమున్న ‘శీ’ ధాతువు నుంచి పుట్టింది కనుక, లోకమంతా నిద్రపోయే వేళ నిశీథం. ‘నిశీథిని’ అంటే మాత్రం మొత్తం రాత్రి. మీరు చూసిన ‘నిశీధి’ ఈ రెండూ కలగలిసి, పైగా ‘థ’ కాస్తా ‘ధ’గా మారి, వాడుకలో స్థిరపడిన రూపం. కవితలో దాన్ని తప్పు పట్టనక్కరలేదు గాని, వ్యాసంలో ‘నిశీథం’ అని రాయడమే మేలు. అలాగే ‘అర్థరాత్రి’ అని రాసేవారూ ఉన్నారు. సగం అనే అర్థానికి ‘అర్ధ’ అనే ఉండాలి.

పంచాంగంలోని నిశీథానికి గడియారంలోని పన్నెండు గంటలతో పని లేదు. సూర్యాస్తమయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా ఉన్న రాత్రిని 15 ముహూర్తాలుగా విభజిస్తే, సరిగ్గా నడుమ పడే ఎనిమిదవ ముహూర్తమే నిశీథం. సాయంత్రం 6.20కి సూర్యుడు అస్తమించి మర్నాడు 6.30కి ఉదయిస్తే, రాత్రికి నడిమి క్షణం 12.25 అవుతుంది, నిశీథం ఇంచుమించు 12 గంటల నుంచి 12.50 దాకా ఉంటుంది. ఊరు మారితే ఈ లెక్కా మారుతుంది.

‘అపరాత్రి’ సంగతి వేరు. సంస్కృతంలో ‘అపరరాత్రం’ అంటే రాత్రి చివరి భాగం. తెలుగులో అపరాత్రి అంటే వేళ కాని వేళ. ‘అర్ధరాత్రి, అపరాత్రి అనకుండా తిరుగుతున్నాడు’ అన్నప్పుడు చెప్పేది సమయం కాదు, విసుగు. ‘అర్ధరాత్రి అంకమ్మ శివాలు’ అనే సామెతలోనూ ఆ విసుగే ఉంది. అచ్చ తెలుగు ‘నడిరేయి’లో అది లేదు, నడివీధి, నడివయసు వంటి మాటలలోని ‘నడి’యే ఇదీ.

వార్తలలో ‘14వ తేదీ అర్ధరాత్రి’ అంటే ఆ తేదీ మొదలయ్యే క్షణమా, ముగిసే క్షణమా అన్న సందేహం వస్తుంది. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి అన్నప్పుడు చరిత్ర తెలుసు కనుక తికమక లేదు. దరఖాస్తుల గడువు వంటి వాటికి ‘14వ తేదీ రాత్రి 11.59 వరకు’ అని రాయడం మంచిది.