ఫైనాన్స్‌లో నిజాయితీకి ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: కామర్స్ డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. 2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభం గురించి చదివాక, బ్యాంకులకు లాభాలు తెచ్చే పని కన్నా వాటిని అదుపులో ఉంచే పనే చేయాలనిపిస్తోంది. నాన్నగారేమో ‘నీతులు చెప్పే ఉద్యోగంలో ఎదుగుదల ఉండదు’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ నాన్నగారి భయం అర్థమైంది. కానీ ఇది నీతులు చెప్పే పని కాదు. లెక్కల్లో తేడా ఎక్కడుందో పట్టుకుని, ‘ఇది కుదరదు’ అని రాసి సంతకం పెట్టే పని. అందుకు మంచి మనసొక్కటే చాలదు. ఎదుటివాడి వ్యాపారం వాడికి తెలిసినంతగా మీకూ తెలియాలి.

1995లో కూలిన బ్రిటన్ బ్యాంకు బేరింగ్స్ సంగతి చూడండి. సింగపూర్‌లో ట్రేడింగ్ చేసే నిక్ లీసన్ చేతిలోనే ఆ లావాదేవీల సెటిల్‌మెంట్ కూడా ఉండేది. కొనేదీ అతనే, లెక్క రాసేదీ అతనే. నష్టాలన్నీ 88888 నంబరు ఖాతాలో దాచాడు. చివరికి తేలిన నష్టం 82.7 కోట్ల పౌండ్లు. ఈ రెండు పనులూ విడదీయాలని అంతర్గత ఆడిట్ 1994లోనే చెప్పింది. ఎవరూ అమలు చేయలేదు. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. తప్పును కనిపెట్టినవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట చెల్లలేదు. మీరు ఎంచుకోబోయే వృత్తిలో సగం కష్టం అక్కడే ఉంది.

ఇక అంతర్జాతీయ నియంత్రణ. 1974లో జర్మనీలో హెర్‌స్టాట్ బ్యాంకు మూతపడింది. దానికి జర్మన్ కరెన్సీ మార్కులు చెల్లించేసిన బ్యాంకులకు న్యూయార్క్‌లో రావాల్సిన డాలర్లు రాలేదు. ఆ దెబ్బకే అదే ఏడాది వివిధ దేశాల బ్యాంకు పర్యవేక్షకులు కూర్చునే బాసెల్ కమిటీ పుట్టింది. దానికి చట్టం చేసే అధికారం లేదు. ప్రమాణాలు రాస్తుంది, అమలు ఏ దేశానికి ఆ దేశం చేసుకోవాలి. 2008 తర్వాత వచ్చిన బాసెల్ 3 ప్రకారం రిస్కుతో తూచిన ఆస్తుల (రిస్కు ఎక్కువున్న అప్పులకు ఎక్కువ బరువిచ్చి లెక్కగట్టిన మొత్తం) మీద కనీసం 4.5 శాతం మేలురకం సొంత మూలధనం, దానిపైన 2.5 శాతం అదనపు రక్షణ ఉండాలి. ఆ అంకెను బ్యాంకు నిజంగా పాటిస్తోందా, కాగితం మీదే చూపిస్తోందా అని తేల్చే మనిషి ప్రతి దేశంలోనూ కావాలి. కాబట్టి ఉద్యోగాలు ఎక్కువగా ఉండేది కేంద్ర బ్యాంకుల పర్యవేక్షణ విభాగాల్లో, సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థల్లో, బ్యాంకుల సొంత రిస్కు, ఆడిట్, కంప్లయన్స్ (నిబంధనలు పాటిస్తున్నారా అని చూసే) శాఖల్లో. అంతర్జాతీయ సంస్థలకు అనుభవంతో వెళ్లడమే మేలు.

నా సలహా: మొదటి మూడు నాలుగేళ్లు ఏదైనా బ్యాంకు రిస్కు లేదా ఆడిట్ విభాగంలో పనిచేయండి. డెరివేటివ్స్ (షేర్లు, కరెన్సీల వంటి వాటి ధర మీద ఆధారపడే ఒప్పందాలు), అకౌంటింగ్ గట్టిగా నేర్చుకోండి. రిస్కు వైపైతే ఎఫ్‌ఆర్‌ఎం (ఫైనాన్షియల్ రిస్క్ మేనేజర్) సర్టిఫికెట్ చాలు. పెట్టుబడుల వైపు ఆసక్తి ఉంటే సీఎఫ్‌ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్) మంచిది, దాని మూడు దశల్లోనూ నైతిక ప్రమాణాల పాఠం ఉంటుంది. రెండింటి వెంటా పడకండి. దానికన్నా సూటిగా రిపోర్టు రాయడం సాధన చేయండి. తికమకగా రాసిన హెచ్చరికను పక్కన పడేయడం చాలా తేలిక.

జీతం పేరున్న ట్రేడర్లకు వచ్చినంత రాదు, ఆ మాట నాన్నగారితో దాచకుండా చెప్పండి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు మీరూ ఒక ప్రశ్న అడగండి: ఇక్కడ కంప్లయన్స్ అధిపతి ఎవరికి జవాబుదారీ? బోర్డు ఆడిట్ కమిటీని నేరుగా కలవగలరా? లాభాలు తెచ్చే శాఖ అధిపతే ఆయనకూ పై అధికారి అని చెబితే, ఆ ఉద్యోగం వదిలేసి ఇంకోటి వెతుక్కోండి.