మాగేసిన బంగినపల్లి తొడిమ దగ్గరే ఎందుకు కుళ్ళుతోంది?

ప్రశ్న: మా దొడ్లో ఏడు బంగినపల్లి, రెండు చిన్న రసాల చెట్లున్నాయి. కాయలు అమ్మం. ఇంటికీ, హైదరాబాద్‌లో ఉన్న పిల్లలకూ వాడుకుంటాం. అన్నీ ఒకేసారి దింపి గడ్డిలో మాగేస్తే చాలా కాయలు తొడిమ దగ్గర నల్లబడి కుళ్ళిపోతున్నాయి. నిదానంగా పండుతాయని కొన్ని పచ్చికాయలు ఫ్రిజ్‌లో పెట్టాం. అవి అసలు పండలేదు, తోలు మీద మచ్చలు కూడా పడ్డాయి. పక్కవాళ్ళు పౌడరు పొట్లాలు పెట్టమంటున్నారు. ఎక్కువ రోజులు నిల్వ ఉంచుకునే మార్గం చెప్పండి.
– ఒక రైతు, నూజివీడు ప్రాంతం

జవాబు: ముందు ఫ్రిజ్ సంగతి చూద్దాం. మామిడి పచ్చికాయ 12, 13 డిగ్రీల కంటే ఎక్కువ చల్లదనాన్ని ఓర్చుకోలేదు. ఇంట్లో ఫ్రిజ్ 4 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటుంది. అక్కడ కొన్ని రోజులుంటే కాయ లోపల పండే ప్రక్రియే దెబ్బతింటుంది. బయటికి తీశాక తోలు బూడిదరంగుకు తిరిగి గుంటలు పడుతుంది, తీపి రాదు. ఆ కాయలను మళ్ళీ గడ్డిలో వేసినా బాగుపడవు, పప్పులోకో పులిహోరలోకో వాడేయండి. ఫ్రిజ్ పండిన పండుకే. బాగా ముగ్గిన బంగినపల్లిని తడి లేకుండా తుడిచి, కాగితపు సంచిలో వేసి కింది కూరగాయల అరలో పెడితే నాలుగైదు రోజులు బాగుంటుంది. గట్టిగా మూటకట్టిన పాలిథిన్ కవర్లో పెడితే లోపల చెమ్మ చేరి పాడవుతుంది. రసాలు అన్ని రోజులు ఆగవు, వాటిని ముందు తినేయండి.

ఇక కుళ్ళు. ఇది గడ్డిలో పుట్టిన రోగం అనుకుంటారు చాలామంది. నిజానికి దీన్ని కలిగించే శిలీంధ్రం చెట్టు మీద ఎండిన పుల్లల్లోనే ఉంటుంది. కాయకు చేరినా పచ్చిగా ఉన్నంతకాలం బయటపడదు, పండడం మొదలవగానే ముచ్చిక దగ్గర నల్లగా మొదలై రెండు మూడు రోజుల్లో కాయంతా పాకుతుంది. తొడిమ ఊడిపోయేలా కాయను గుంజి కోసినా, కర్రతో రాల్చినా ఆ గాయమే దానికి దారి. అందుకే మీరు మార్చుకోవలసింది కోతనే.

చిక్కం కట్టిన గెడతో, వీలైతే బ్లేడు ఉన్నదానితో, నాలుగు వేళ్ళ తొడిమ ఉండేలా కోయండి. పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోయాలి. వాన పడితే రెండు రోజులు ఆగండి. నీడలోకి తెచ్చాక తొడిమను సెంటీమీటరు ఉంచి కత్తిరించి, కాయను వెంటనే బోర్లా పెట్టండి. సొన కాయ మీదికి జారకుండా నేలకు కారిపోవాలి. ఒక పాత మంచం పట్టెల మధ్య కాయలు తలకిందులుగా నిలబెడితే ఈ పని తేలిగ్గా అవుతుంది. సొన అంటిన చోట తోలు కాలినట్టు నల్లబడి, అక్కడే బూజు పడుతుంది. గంటా రెండు గంటల తర్వాత మంచినీళ్ళలో కడగండి.

కడిగాక వేడినీళ్ళ స్నానం చేయిస్తే కుళ్ళూ, మచ్చ తెగులూ బాగా తగ్గుతాయి. 52 డిగ్రీల నీళ్ళలో 10 నిమిషాలు ముంచి ఉంచాలి. ఒక బిందె మరిగే నీళ్ళకు రెండు బిందెల మామూలు నీళ్ళు కలిపితే దాదాపు ఆ వేడి వస్తుంది. కాయలు వేయగానే వేడి దిగుతుంది కాబట్టి పక్కన మరిగే నీళ్ళు ఉంచుకుని కొంచెం కొంచెంగా కలపండి. జ్వరం చూసే థర్మామీటరు ఇక్కడ పనికిరాదు, అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ప్రయోగశాల సామాను అమ్మే షాపులో గాజు థర్మామీటరు దొరుకుతుంది. వేడి 55 దాటితే కాయ తోలు ఉడికిపోతుంది, ఇది మాత్రం జాగ్రత్త. లేత కాయలు కూడా ఈ వేడికి చెడతాయి. తొడిమ పక్కన భుజాలు ఉబ్బి, నీళ్ళలో వేస్తే మునిగే కాయలే తీసుకోండి. ముంచి తీశాక చల్లనీళ్ళలో వేసి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి.

గడ్డి పొడిగా, కొత్తదిగా ఉండాలి. నిరుటి గడ్డి, వాన చెమ్మ తగిలిన గడ్డి వద్దు. రెండు వరసలకు మించి పేర్చకండి, కాయకూ కాయకూ గడ్డి అడ్డం ఉండాలి. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో నేల మీద పెట్టండి, రేకుల షెడ్డులో కాదు. మన మే నెల ఎండలకు గది వేడి 35 దాటితే పైన ఆకుపచ్చగానే ఉండి లోపల మెత్తబడిపోతాయి. రోజూ ఒకసారి గడ్డి తీసి చూడండి. పండింది, చెడింది వెంటనే పక్కకు. పండిన పండు ఇథిలిన్ వాయువు వదులుతుంది, పక్కవాటిని కూడా తొందరపెడుతుంది. నిదానం కావాలంటే దాన్ని తీసేయాలి. తొందర కావాలంటే అదే పండునో, ఒక ముగ్గిన అరటిపండునో పచ్చికాయల పెట్టెలో ఉంచితే సరి.

పౌడరు పొట్లాల గురించి సూటిగా చెబుతాను. అది కార్బైడ్ అయితే ఇంటి గడప కూడా తొక్కనివ్వకండి. ఆహార భద్రతా నియమాలు దాన్ని నిషేధించాయి. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్ళు ఉంటాయి, పైగా రంగు వస్తుంది కానీ రుచి రాదు. ఇథిలిన్ సాచెట్లు వేరు. వాటికి అనుమతి ఉంది, కాయకు తగలకుండా పెట్టాలి. అయినా ఇంటి వాడకానికి వాటి అవసరమేముంది?

మీ అసలు ఇబ్బంది కాయలన్నీ ఒకేసారి దింపడం. అమ్మకానికి కానప్పుడు తొందర దేనికి? పక్వానికి వచ్చినవి, ఎండ బాగా తగిలే వైపువి ముందు కోసి, మిగతావి వారం తేడాతో రెండు మూడు విడతల్లో దించండి. పండు ఈగ కనిపించినా, గాలివాన సూచన ఉన్నా అప్పుడు మాత్రం ఆగకండి. పిల్లలకు పంపేవి వేడినీళ్ళ స్నానం చేయించిన గట్టి కాయలే పంపండి. కన్నాలున్న అట్టపెట్టెలో గడ్డి మధ్య సర్ది పంపితే వాళ్ళ ఇంట్లోనే పండుతాయి.

అప్పటికీ మిగిలిన పండ్లకు ఫ్రీజరే మేలు. బంగినపల్లి చెక్కు తీసి ముక్కలు చేసి, పళ్ళెంలో ఒక వరసగా పరిచి గట్టిపడనివ్వండి. తర్వాత గాలి తీసేసిన కవర్లలో నింపండి. రసాలైతే పిండి, పీచు వడకట్టి, కిలో గుజ్జుకు ఒక చెంచా నిమ్మరసం కలిపి పలచగా పరిచిన కవర్లలో పెట్టండి. ఒంటి తలుపు ఫ్రిజ్ పైఅర అంత చల్లగా ఉండదు కనుక రెండు నెలల్లో వాడేయండి. మైనస్ 18 డిగ్రీలు ఇచ్చే విడి ఫ్రీజర్లో ఆరు నెలల పైన నిలుస్తుంది. కరెంటు పోయి గుజ్జు పూర్తిగా కరిగిపోతే మళ్ళీ గడ్డకట్టించవద్దు. ఇంకా చల్లగా ఉండగానే తాండ్రకు వేసేయండి. ఆత్రేయపురం వాళ్ళలా పొర ఆరాకే పైపొర పూయాలి, లేకపోతే లోపల పులుస్తుంది.

కోత అయిపోగానే, జూన్-జూలైలో, చెట్లలోని ఎండు కొమ్మలూ పుల్లలూ కత్తిరించి దొడ్డికి దూరంగా కాల్చేయండి. తర్వాత లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, కోసిన చోట్లు తడిసేలా చెట్టంతా పిచికారీ చేయండి. తొమ్మిది చెట్లకూ రెండు రోజుల పని. వచ్చే ఏడాది కుళ్ళు ఎంత తగ్గిందో మాకు రాయండి.