కిట్టూకి, మిషను తెచ్చే ముందు

ఒరేయ్ కిట్టూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. దసరాకి నువ్వు బందరు వచ్చి తాతయ్య బీరువాలో సీడీలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తావట. వాటిని తనంతట తనే వేసుకుని తీసేసే మిషను హైదరాబాదులో వారానికి అద్దెకి మాట్లాడావట. ఎంత సంతోషమేసిందో. "రాత్రి వంద పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయిపోతాయట అక్కా" అన్నాడు చూడు, అక్కడ మాత్రం గుండె గుభేలుమంది. అందుకే ఈ ఉత్తరం. పూర్తిగా చదువు. సగంలో ఆపి "సరే అత్తా" అని మెసేజ్ పెట్టకు.

ముందుగా ఆ వారం అద్దె సంగతి. వారం చాలదు. శుభ్రంగా ఉన్న ఆడియో సీడీని జాగ్రత్తగా చదివించాలంటే 5 నుంచి 7 నిమిషాలు పడుతుంది. గంటకి ఎనిమిదో పదో అవుతాయి. అంటే వందకి పది పన్నెండు గంటలు, అదీ ఏదీ మొరాయించకపోతే. గీతలు పడ్డది ఒక్కటి తగిలితే రెండేసి గంటలు అక్కడే గింజుకుంటుంది. మూడు వారాలకి మాట్లాడు.

బీరువాలో 1,400 ఉన్నాయని గానీ అన్నీ ఒక జాతివి కావు. కొన్న ఆడియో సీడీలు 600 దాకా ఉంటాయి. తాతయ్య రేడియోలోంచి క్యాసెట్ల మీదకీ, క్యాసెట్ల నుంచి సీడీల మీదకీ ఎక్కించుకున్న సీడీ-ఆర్‌లు 400. మిగతావి ఎంపీత్రీ సీడీలూ, పెళ్లిళ్ల వీసీడీలూ. చివరి రెండు రకాలూ ఈ మిషను పనే కాదు. ఎంపీత్రీ సీడీలో ఉన్నవి మామూలు ఫైళ్లు, కాపీ కొట్టుకోవడమే. వీసీడీ అయితే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరులో డాట్ (.DAT) ఫైళ్లుంటాయి, అవి తీసుకుంటే చాలు. వాటిని ఆడియో దొంతరలో కలిపావంటే సాఫ్ట్‌వేరుకి పాటలు కనబడక ఒక్కొక్కటే రిజెక్టు బుట్టలోకి తోసేస్తుంది. ముందు నాలుగు కుప్పలు వెయ్యి.

ఆ తర్వాత మిషనుకి పనికిరానివి ఏరు. చిన్న సైజువి, 8 సెంటీమీటర్లవి, వద్దు. దొంతరలోంచి కింద ట్రేలోకి జారే మిషనుకి 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం తప్ప ఇంకోటి తెలియదు. నడిమి బెజ్జం చుట్టూ సన్నటి పగులుందేమో ట్యూబులైటుకి అడ్డంపెట్టి చూడు. పూర్తి వేగంలో డ్రైవు నిమిషానికి దాదాపు 10,000 చుట్లు తిప్పుతుంది. పగులున్న డిస్కు లోపలే ముక్కలైతే డ్రైవూ పోతుంది, అద్దెవాడి దగ్గర నీ డిపాజిట్టూ పోతుంది.

కాగితం లేబుళ్లు అతికించినవి అసలు వెయ్యకు. తాతయ్యకి ఆ పిచ్చి ఉండేది తెలుసుగా, ప్రింటరు మీద వెంకటేశ్వరస్వామి బొమ్మతో లేబులు తీసి, గుండ్రంగా కత్తిరించి అతికించేవాడు. బందరు గాలికి ఆ జిగురు ఊరుతుంది, అంచు లేస్తుంది, పైనున్న డిస్కుకి అంటుకుంటుంది. అలాగని లేబులు పీకావో, అంతే సంగతులు. సీడీలో పాట ఉండేది మనం చూసుకునే మెరిసే వైపు కాదురా, లేబులు వైపు. వెండిపొర మీద సన్నటి లక్క పూత తప్ప అడ్డమేం లేదు. లేబులుతో పాటు వెండీ ఊడి వచ్చేస్తుంది. ఉన్నది ఉన్నట్టే చేత్తో మామూలు డ్రైవులో పెట్టి, వేగం 8ఎక్స్‌కి, అంటే మామూలుగా పాట మోగే వేగానికి 8 రెట్లకి, తగ్గించి చదివించు.

తుడవడానికి గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క, మెత్తటి నూలుగుడ్డ. మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడువు. గుండ్రంగా తిప్పకు, గాజుబొచ్చె కాదు. సీడీలో తప్పులు దిద్దుకునే ఏర్పాటు ఉంది, పాట రాసి ఉన్న గుండ్రటి వరసలో రెండున్నర మిల్లీమీటర్ల దాకా పోయినా లెక్కగట్టి పూడ్చుకుంటుంది. వరసకి అడ్డంగా పడ్డ గీత పూడుతుంది. వరస వెంట గుండ్రంగా పడ్డది పూడదు. టూత్‌పేస్టు, నెయిల్‌పాలిష్ తీసే మందు దగ్గరికి రానివ్వకు. నీడలో ఆరబెట్టు.

సాఫ్ట్‌వేరు సంగతి నాకంటే నీకే తెలుసు. డీబీపవర్‌యాంప్ వాళ్ల బ్యాచ్ రిప్పర్ ఇలాంటి మిషన్ల కోసమే ఉంది. ఫ్లాక్‌లోనే దించు, అది పాటలో ఏమీ పోకుండా కుదించే ఫైలు రకం. ఎంపీత్రీ అడక్కు. కచేరీ సీడీల్లో ఆలాపన ఒక ట్రాకు, కీర్తన ఇంకో ట్రాకుగా కోసి ఉంటారు గానీ పాట ఆగదు. ఎంపీత్రీ చేస్తే ఆ కోసినచోట చిన్న తొట్రుపాటు వినబడుతుంది. రాగం మధ్యలో ఎక్కిళ్లొచ్చినట్టు ఉంటుంది. చదవడం సెక్యూర్ పద్ధతిలో, అంటే అనుమానం ఉన్నచోట మళ్లీ మళ్లీ చదివేలా, పెట్టి, ట్రాకుకి ఇన్ని నిమిషాలని గడువు తప్పకుండా ఇవ్వు. లేకపోతే రాత్రంతా ఒకే డిస్కు మీద కూర్చుంటుంది, తెల్లారి చూస్తే ఏడు డిస్కులే అయ్యుంటాయి.

అక్యురేట్‌రిప్ ఆన్ చెయ్యి. అదే సీడీని ఇంకెక్కడో ఇంకొకళ్లు చదివించినప్పుడు వచ్చిన లెక్కతో (చెక్‌సమ్ అంటారు) నీది సరిపోయిందంటే ఆ డిస్కు గురించి ఇక ఆలోచించక్కర్లేదు. మన పాత తెలుగు సీడీలు చాలా వాటికి "డేటాబేసులో లేదు" అని వస్తుంది. కంగారు పడకు, తప్పు చదివిందని కాదు, ఇంతకుముందెవరూ పంపలేదని. తాతయ్య చేసుకున్న సీడీ-ఆర్‌లకైతే ఆ సాక్ష్యం ఎప్పటికీ రాదు. వాటిని రెండుసార్లు, వేరువేరు డ్రైవుల్లో చదివించి లెక్కలు పోల్చు. ఒకే డ్రైవు ఒకే తప్పుని రెండుసార్లూ ఒకేలా చదివి నిన్ను నమ్మించగలదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నిదానంగా చదువు.

కొన్న సీడీ పెట్టగానే ట్రాకుల పొడవులు చూసి ఏ సీడీయో మ్యూజిక్‌బ్రెయిన్జ్ లాంటి ఇంటర్నెట్ జాబితాలో వెతికి సాఫ్ట్‌వేరే పేరు తెస్తుంది. సీడీ-ఆర్‌కి పేరెక్కడిది? "ట్రాక్ 01, ట్రాక్ 02" అంతే. కాబట్టి ఎవరైనా చేసే పని, తాతయ్య నోటుపుస్తకంలో వరస ప్రకారం డిస్కులు పేర్చి, అదే వరసలో పేర్లు టైపు చేసి, వచ్చిన ఫోల్డర్లకి ఒకటి, రెండు, మూడు అని అంటించెయ్యడం. నేనూ అదే చేశాను. అప్పుడు తెచ్చినదీ అద్దె మిషనే. 201 నుంచి 290 దాకా, తొంభై డిస్కులు.

తాతయ్య నంబరు వేసింది అట్ట మీద. డిస్కు మీద కాదు. అట్టలోంచి తీయగానే అన్నీ ఒకటే, పేరూ నంబరూ లేని బిళ్లలు. 237, 238 లేబులు జిగురుతో ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. రెండూ కలిసి ట్రేలోకి జారాయి. డ్రైవు చదవలేక రెండింటినీ కలిపే రిజెక్టు బుట్టలో పడేసింది. సాఫ్ట్‌వేరు రాసుకునే చిట్టా, అదే లాగ్ (log), దాంట్లో మాత్రం ఒక్కటే వరస, "ఒక డిస్కు చదవలేకపోయాను" అని. బుట్టలో చూస్తే చేతికి తగిలిందీ ఒక్కటే, కాస్త మందంగా. దాన్ని 237 అట్టలో పెట్టేశాను. అక్కణ్ణుంచి 239లో ఉన్నది 238 పేరుతో, 240లో ఉన్నది 239 పేరుతో, చివరిదాకా ఒక్కో మెట్టు జారిపోయాయి. చివర ఒక పేరు మిగిలితే, టైపు చేసేటప్పుడు నేనే ఎక్కడో రెండుసార్లు కొట్టానని చెరిపేశాను. అదీ నా తెలివి.

ఏ ఫైలూ పాడవలేదు. అన్నీ మోగుతాయి. అదే దీంట్లో ప్రమాదం. తోడి రాగం అని పేరున్న ఫోల్డరు తెరిస్తే హరికథ వినబడేదాకా ఎవరికీ తెలియలేదు. అది కూడా చాలా కాలానికి. తాతయ్య ఒక్కో పాట పక్కన నిమిషాలు రాసుకున్నాడు కాబట్టి బతికిపోయాను. ట్రాకుల పొడవులు ఆ నిమిషాలతో పోల్చి యాభై పైచిలుకు డిస్కులకి మళ్లీ పేర్లు పెట్టాను.

నువ్వు ఇలా చెయ్యి. ప్రతి సీడీ-ఆర్‌నీ అట్టలోంచి తీసిన క్షణంలోనే నంబరు వెయ్యి. బెజ్జం చుట్టూ వెండి లేని పారదర్శకమైన ప్లాస్టిక్ వలయం ఉంటుంది చూడు, అక్కడ. నీళ్ల సిరా మార్కరుతో. స్పిరిటు వాసనొచ్చే మార్కరు వద్దు, అది లక్క పూతలోకి దిగుతుంది.

మిషనుకి వంద పడతాయని వంద పెట్టకు, 50 చాలు. బరువుకి అడుగువి నొక్కుకుని అతుక్కుంటాయి. పెట్టే ముందు పేకముక్కల్లా ఒక్కొక్కటీ విడదీసి, మధ్యలో గాలి ఆడనిచ్చి పేర్చు. కిందనుంచి జారవిడిచే మిషనైతే మొదటి నంబరు అన్నిటికంటే అడుగున ఉండాలి. బయటి బుట్టలోనూ అదే అడుగున పడుతుంది, వరస చెదరదు. చెయ్యిలాంటి దానితో పైనుంచి ఎత్తే రకమైతే దొంతర తిరగబడి వస్తుంది. నువ్వు తెచ్చేది ఏ రకమో ఐదు డిస్కులతో ముందే చూసుకో.

ప్రతి పదో స్థానంలో ఒక కొన్న సీడీ పెట్టు, మైలురాయిలాగా. ఘంటసాల పాటలదో, బాలమురళి కచేరీయో, ఇంకా చెయ్యనిదే పెట్టు, ఆ పనీ అయిపోతుంది. లాగ్ చిట్టాలో అవి 10, 20, 30 దగ్గరే వస్తే వరస బాగున్నట్టు. ఇరవయ్యోది పంతొమ్మిదిలో కనబడిందా, 11కీ 20కీ మధ్య ఏవో రెండు కలిసి పడ్డాయన్నమాట. వెతకాల్సింది పదిలోనే, తొంభైలో కాదు. దొంతర అయిన వెంటనే బయటికొచ్చినవీ రిజెక్టు అయినవీ వేళ్లతో లెక్కపెట్టు. రిజెక్టు అయిన ప్రతిదాన్నీ అంచు దగ్గర గోరుతో తడిమి చూడు, ఒకటా రెండా అని. లెక్క కుదిరేదాకా ఇంకో దొంతర ఎక్కించకు. అట్టలూ డబ్బాలూ ఏవీ పారెయ్యకు. మీ అమ్మ "చోటు లేదు" అంటుంది, అననీ. నేను మాట్లాడతాను.

మిగతావి చిన్నవే. మిషనుకీ ల్యాప్‌టాప్‌కీ కలిపి చిన్న యూపీఎస్ పెట్టు, బందరులో కరెంటు నిన్ను అడిగి పోదు. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగు మార్చు, విండోస్ అప్‌డేట్లు ఆపు. యూఎస్‌బీ తీగ ల్యాప్‌టాప్‌కే నేరుగా గుచ్చు. ఫోల్డరు పేరు నంబరుతో మొదలుపెట్టు, తెలుగు పేర్లన్నీ ట్యాగుల్లో, అంటే ఫైలు లోపలే ఉండే వివరాల చీటీల్లో, రాసుకో, ఫ్లాక్ తెలుగు లిపిని చక్కగా దాచుకుంటుంది. రాగం, తాళం కూడా విడిగా ట్యాగులు పెట్టుకోవచ్చు.

చోటు విషయానికొస్తే ఆడియో సీడీ గంటకి 635 మెగాబైట్లు, ఫ్లాక్ చేస్తే దాదాపు సగం అవుతుంది. క్యాసెట్టు నుంచి వచ్చినవి అంత తగ్గవు, ఆ "సుయ్" మనే శబ్దాన్ని కుదించడం దానివల్ల కాదు. ఆ శబ్దం తీసేసే సాఫ్ట్‌వేర్ల జోలికి ఇప్పుడు పోకు. ముందు ఉన్నది ఉన్నట్టు దించు, సింగారింపులు కాపీ మీద తర్వాత చూద్దాం. వీసీడీలతో కలిపినా మొత్తం ఒక టెరాబైటు లోపే. రెండు టెరాబైట్ల హార్డ్‌డిస్కులు రెండు కొను, ఒకటి బందరులో, ఒకటి నీ దగ్గర. డబ్బులు నేను పంపుతాను, మీ నాన్నకి చెప్పకు. యూట్యూబులో పెడదామన్న ఆలోచనుంటే మానెయ్. ఇది మన ఇంటి వరకే.

తాతయ్య నోటుపుస్తకం పేజీలన్నీ ఫొటోలు తీసి పంపుతున్నాను. అసలు పుస్తకం మాత్రం ఇవ్వను, కావాలంటే వచ్చి చూసుకో.

238 గురించి ఒక మాట. అది మీ నాయనమ్మ మంగళహారతులు పాడింది. ఆ రెండింటినీ విడదీసినప్పుడు 238 అంచు దగ్గర గోరంత వెండి ఊడింది. అప్పటినుంచి ఏ డ్రైవులోనూ పెట్టలేదు, ధైర్యం చాలలేదు. కానీ ఒకటి గమనించాను. సీడీ రాత లోపలి నుంచి బయటికి వెళుతుంది. నోటుపుస్తకంలో దానికి 41 నిమిషాలని ఉంది. 74 నిమిషాల డిస్కు మీద 41 నిమిషాలంటే మధ్య నుంచి నాలుగున్నర సెంటీమీటర్లు దాటి కాస్త దూరం, అంతే. దాన్ని వాలుగా పట్టుకుంటే, రాత పడ్డ భాగం రంగు కొంచెం వేరుగా ఉండి, ఎక్కడ ఆగిందో గీత తెలుస్తుంది. ఊడిన మచ్చ ఆ గీతకి అవతలే ఉన్నట్టుంది. నా కళ్లని నమ్మకు, నీ కళ్లతో చూడు. అది మిషనులో వెయ్యకు. అన్నీ అయ్యాక, మామూలు డ్రైవులో, చేత్తో, 4ఎక్స్ వేగంలో. నేను దశమి రోజు పొద్దున్న బస్సుకి వస్తున్నాను, అప్పటిదాకా ముట్టుకోకు.

మీ
పెద్దత్త