డ్రమ్ముకు అంటుకున్న తెల్లపొడి గురించి

మేడ మీద నాలుగేళ్లుగా ఎండలో ఉన్న నీలం డ్రమ్మును తుడిస్తే గుడ్డకు తెల్లపొడి అంటుతోందని, ఆ నీళ్లు వాడొచ్చా అని అడిగారు కదండీ. ముందు అది సున్నమేమో చూడండి. పొడిపై రెండు చుక్కల వెనిగర్ వేస్తే సున్నమైతే బుసబుసమని పొంగుతుంది. పొంగకపోతే చాలావరకు ప్లాస్టిక్కే.

మన చెన్నై కత్తిరి (మే నెల మండువేసవి) ఎండల సంగతి తెలిసిందే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు డ్రమ్ము ప్లాస్టిక్ అయిన పాలిథిలిన్‌లోని పొడవాటి అణువుల గొలుసులను తెంపుతాయి, తెగినచోట ఆక్సిజన్ చేరుతుంది. పైపొర పెళుసెక్కి, సన్నటి పగుళ్లు పట్టి రాలుతుంది. రాలిన పొడి ఎంత సన్నదైతే, అంతే బరువుకు నీళ్లకు తగిలే ఉపరితలం అంత ఎక్కువ. తయారీలో కలిపిన రంగు, యాంటీఆక్సిడెంట్ల (ప్లాస్టిక్ త్వరగా పాడవకుండా కలిపేవి) లాంటివి, తెగిన గొలుసుల ముక్కలు (ఆమ్లాలు, కీటోన్లు అనే రసాయనాలు) నీళ్లలోకి దిగుతాయి. చీకట్లో కంటే ఎండలో ఇది చాలా ఎక్కువ. చెరువుల్లో తేలే కవర్లకూ జరిగేది ఇదే.

బిస్ఫినాల్ ఏ అనే రసాయనం గురించి టెన్షన్ వద్దు, అది పాలీకార్బొనేట్ అనే వేరే రకం ప్లాస్టిక్ క్యాన్ల గొడవ.

తాగడానికి, వంటకు మాత్రం ఆ నీళ్లు వద్దండీ. కాచినా క్రిములే చస్తాయి, ఈ ప్లాస్టిక్ రేణువులు, రసాయనాలు పోవు. బాత్రూం కడగడానికి వాడుకోండి. పీచుతో గట్టిగా రుద్దకండి, ఇంకా రాలుతుంది. మా డ్రమ్మును అలాగే రుద్ది పాడుచేశాను! కొత్తది కొంటే స్టీలు మేలు, లేదా నల్ల ట్యాంకు కొని నీడన పెట్టండి.