ఫ్లోరెన్స్‌కి సోమవారం వద్దు: ఇటలీ కళాయాత్రపై మీ ప్రశ్నలు

ప్రశ్న: గైడుతో ఏడు రోజుల రినైసాన్స్ (15–16 శతాబ్దాల ఇటలీ కళ) టూరుకు వెళ్దామనుకుంటున్నాం. మిలాన్, ఫ్లోరెన్స్, రోమ్ చూపిస్తామంటున్నారు. డబ్బు కట్టేముందు ఏం చూసుకోవాలి?

జవాబు: ముందు వారంలో ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారో చూడండి. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ గ్యాలరీ, అకాడెమియా మ్యూజియం, మిలాన్‌లో లియొనార్డో డావించి గోడచిత్రం లాస్ట్ సప్పర్... మూడింటికీ సోమవారం సెలవు. వాటికన్ మ్యూజియాలకు ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు కానీ, ఆ రద్దీలో బొమ్మ ముందు నిలబడనివ్వరు.

తర్వాత కార్యక్రమంలోని మాటలు జాగ్రత్తగా చదవండి. ‘మైకెలాంజెలో డేవిడ్’ అని రాసి ఉంటే ఎక్కడ చూపిస్తారో అడగండి. అసలు విగ్రహం 1873 నుంచి అకాడెమియాలో ఉంది. పియాజా డెల్లా సిన్యోరియా అనే కూడలిలో ఆరుబయట ఉన్నది 1910లో పెట్టిన నకలు. బాప్టిస్టరీ (జ్ఞానస్నాన మందిరం) దగ్గరా ఇదే తంతు. శిల్పి గిబెర్తి 1425–52 మధ్య దానికి చేసిన బంగారుపూత తలుపులు డ్యుమో (ఊరి ప్రధాన చర్చి) మ్యూజియంలో ఉన్నాయి, వీధిలోకి కనిపించేవి నకళ్లే. బస్సు దిగి, ఫొటో తీసుకుని, మళ్లీ బస్సెక్కే టూరులో ఈ రెండింటిలో అసలుది ఒక్కటీ కంటపడదు.

లాస్ట్ సప్పర్, ఫ్లోరెన్స్ డ్యుమో గుమ్మటం, వాటికన్: ఈ మూడింటి టికెట్ల మీద ప్రవేశ సమయం ముద్రించి ఉంటుంది. అవి ఖాయమయ్యాకే మిగతా కార్యక్రమం వేసుకోవాలి. ‘అక్కడికెళ్లాక చూద్దాం’ అనే నిర్వాహకుణ్ని నమ్మొద్దు. ఏడు రోజుల్లో ఫ్లోరెన్స్‌కి కనీసం మూడు రాత్రులు ఉండాలని మా అభిప్రాయం. మిలాన్‌కి ఒక్కటి చాలు.

ప్రశ్న: అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఫ్లోరెన్స్ గుమ్మటం ఎక్కించవచ్చా? పైన అంత చూడదగ్గది ఏముంది?

జవాబు: ఎక్కించకండి. 463 మెట్లు, లిఫ్టు లేదు. దారి ఇరుకు, వెనక జనం వస్తుంటారు కాబట్టి సగంలో ఆగి తిరిగి దిగడం కష్టం. అమ్మగారిని డ్యుమో మ్యూజియానికి తీసుకెళ్లండి. అక్కడ లిఫ్టు ఉంది, పై డాబా మీంచి గుమ్మటం ఎదురుగా కనిపిస్తుంది.

ఎక్కగలిగినవాళ్లకు మాత్రం పైనుంచి కనిపించే ఊరికంటే ఎక్కే దారే విలువైనది. వాస్తుశిల్పి బ్రునెలెస్కి 1420–36 మధ్య కట్టిన ఈ గుమ్మటం నిజానికి ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు గుమ్మటాలు. మీరు ఎక్కేది వాటి మధ్య సందులోంచే. సుమారు 45 మీటర్ల వెడల్పున్న ఖాళీని నేల మీంచి కర్రల ఊతం పెట్టకుండా కప్పాడు. ఎలాగన్నది ఇటుకల్లో తెలుస్తుంది. అడ్డంగా పేర్చిన వరసల మధ్య కొంతకొంత దూరానికి ఒక ఇటుకను నిలువుగా దిగేశారు. సున్నం గట్టిపడేదాకా లోపలికి వాలిన వరస జారిపోకుండా ఆ నిలువు ఇటుకే పట్టి ఉంచుతుంది. మెట్ల దారిలో గోడ బయటపడిన చోట చేప ముల్లులాంటి ఆ అల్లికను వెతకండి.

ప్రశ్న: లాస్ట్ సప్పర్ దగ్గర పావుగంటే ఉండనిస్తారట. అంత వెలిసిపోయిన బొమ్మకోసం మిలాన్ దాకా వెళ్లాలా?

జవాబు: వెళ్లాలి, అది వెలిసిపోయిన కారణం కోసమైనా సరే. ఫ్రెస్కోలో తడి సున్నం మీద రంగు వేస్తారు. సున్నం ఆరుతూ రంగును తనలో కలిపేసుకుంటుంది. చిక్కేమిటంటే, ఆ రోజుకు పూసినంత మేర ఆ రోజే ముగించాలి, దిద్దుబాట్లకు వీలుండదు. లియొనార్డోకు నిదానంగా, మళ్లీమళ్లీ దిద్దే అలవాటు. అందుకే 1495–98 మధ్య పొడి గోడ మీదే టెంపెరా (గుడ్డుసొన లాంటి జిగురుతో కలిపిన రంగులు), నూనె రంగులతో వేశాడు. గోడకు చెమ్మ తగిలి రంగు పెచ్చులుగా ఊడడం ఆయన బతికుండగానే మొదలైంది. 1999లో ముగిసిన మరమ్మతుకు ఇరవై ఏళ్లు పట్టింది.

పావుగంటలో రెండు నిమిషాలు వెనక్కి తిరగడానికి కేటాయించండి. ఎదురు గోడ మీద చిత్రకారుడు మోంతొర్ఫానో 1495లో వేసిన శిలువ దృశ్యం ఉంది. అది అసలైన ఫ్రెస్కో, అదే గదిలో ఇంకా నిలిచి ఉంది. దాని కింది మూలల్లో లియొనార్డో పొడి గోడ మీద చేర్చిన మిలాన్‌ను ఏలిన స్ఫోర్జా కుటుంబం బొమ్మలు మాత్రం దాదాపు చెరిగిపోయాయి. రెండు పద్ధతుల తేడా ఇంత స్పష్టంగా ఇంకెక్కడా చూడలేరేమో. చాలామంది గైడ్లు ఇటు తిరగమని చెప్పనే చెప్పరు.

ప్రశ్న: వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో గైడు మాట్లాడకూడదట కదా?

జవాబు: అవును, వివరణంతా ముందే బయట, బోర్డుల దగ్గర చెప్పేస్తారు. లోపల మౌనం పాటించాలి, ఫొటోలు నిషేధం. మామూలుగా సందర్శకులు వేదిక (ప్రార్థన పీఠం) గోడ పక్క తలుపులోంచి వస్తారు. మైకెలాంజెలో కప్పు మీద బొమ్మలు వేసే పని (1508–12) మొదలుపెట్టింది అవతలి చివర్నుంచి. కాబట్టి నేరుగా ఆ చివరికి నడిచి, అక్కణ్నుంచి వెనక్కి చూస్తూ రండి. అక్కడి బైబిలు కథ, నోవా వరద దృశ్యంలో చిన్న చిన్న మనుషులు గుంపుగా ఉంటారు. వేదిక వైపు వచ్చేకొద్దీ మనుషులు తగ్గి, ఆకారాలు పెద్దవవుతాయి.

ప్రశ్న: చర్చిలకు ప్రత్యేకమైన దుస్తులు కావాలా?

జవాబు: భుజాలు, మోకాళ్లు కప్పుకుంటే చాలు. చాలా చర్చిలు మధ్యాహ్నం మూసేస్తారు కనుక పొద్దున్నే పెట్టుకోండి. చీకటి గూళ్లలోని చిత్రాల పక్కన నాణెం వేస్తే కాసేపు వెలిగే దీపాలుంటాయి. యూరో, అర యూరో నాణేలు జేబులో ఉంచుకోండి, ఆ పెట్టెలు నోట్లు తీసుకోవు.